రాయడం వచ్చు... డ్యాష్‌బోర్డు చదవడమెలా?

బ్లాగర్‌లో తెలుగు శీర్షిక పెట్టి 'పబ్లిష్' నొక్కినవాళ్లకి ఒక వింత ఎదురవుతుంది. పెట్టిన పేరు 'మా ఊరి తీర్థం'. టపా చిరునామా చివర మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో 'బ్లాగ్-పోస్ట్' అని ఉంటుంది. అదే నెలలో గుత్తి వంకాయ కూర గురించి రాసినా మళ్లీ 'బ్లాగ్-పోస్టే', కాకపోతే చివర ఒక అంకె తగులుకుంటుంది. చిరునామా తయారుచేసే యంత్రం తెలుగు అక్షరాలను పట్టించుకోదు. శీర్షికలో ఇంగ్లిషు అక్షరం ఒక్కటీ దొరక్కపోతే తనకి తెలిసిన ఆ ఒక్క పేరే పెట్టేస్తుంది. ఏడాది తర్వాత పాత టపా లింకు ఎవరికైనా పంపుదామంటే, వాటిలో తీర్థం ఏదో వంకాయ ఏదో రాసినవాళ్లకే తెలియదు.

దీన్ని తప్పించడానికి అర నిమిషం చాలు. కాకపోతే ఆ అర నిమిషం ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలియాలంటే 'పర్మాలింక్' అనే మాట ముందే తెలిసుండాలి.

బడిలో జీవితమంతా పాఠాలు చెప్పిన మాస్టార్లు, వంటల పుస్తకం వేయగల ఇల్లాళ్లు, ఊరి చరిత్ర నాలుక చివర ఉన్న గుమాస్తాలు బ్లాగు నడిపే తెర, అంటే డ్యాష్‌బోర్డు ముందుకొచ్చి తడబడతారు. కొందరు 'వంద బ్లాగింగ్ పదాలు' లాంటి జాబితా ఒకటి సంపాదించి బట్టీ పట్టడానికి కూర్చుంటారు. ఇరవయ్యో మాట దగ్గర ఆవలింత వస్తుంది, బ్లాగు మూలపడుతుంది. ఇంకొందరు ఫోన్ తీసి "ఒరేయ్, ఈ స్లగ్ ఏంట్రా?" అని మేనల్లుణ్ని అడుగుతారు. "అదేం లేదు మామయ్యా, నెక్స్ట్ నొక్కెయ్యండి" అంటాడు వాడు. నొక్కేస్తారు. ఆర్నెల్ల తర్వాత ఆ నెక్స్ట్‌లన్నీ వరుసగా తలుపు తడతాయి.

మరి ఏం చేయాలి? కొత్త మాట ఎదురైనప్పుడల్లా ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది తెలియకపోతే నాకేం పోతుంది? డబ్బు పోతుందా, చిరునామా పోతుందా, పరువు పోతుందా, రాసినదే పోతుందా? వీటిలో ఏదో ఒకటి పోయేట్టుంటే ఆ మాట ఈ రోజే నేర్చుకోవాలి. ఏదీ పోకపోతే అది వచ్చే ఏడాది పని. కొన్ని మాటలైతే ఎన్నటికీ అక్కర్లేదు. అవి అమ్మేవాళ్ల మాటలు.

ఈ పదాలకి బెదరనక్కర్లేదు. వీటిని శాస్త్రవేత్తలు పరిషత్తులో కూర్చుని నిర్ణయించలేదు. 1997 డిసెంబరులో జోర్న్ బార్గర్ అనే అమెరికన్ తన సైటుకి 'వెబ్‌లాగ్' అని పేరు పెట్టాడు. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ అనే మరొకాయన దాన్ని సరదాగా విరిచి 'వి బ్లాగ్' అన్నాడు. అదే ఏడాది పైరా ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ 'బ్లాగర్' తెచ్చింది. 2003లో దాన్ని గూగుల్ కొనుక్కుంది. తెలుగువాళ్లూ ఊరుకోలేదు. 2005 తర్వాత తెలుగు బ్లాగులు పెరుగుతున్న రోజుల్లో పోస్టు 'టపా' అయింది, కామెంటు 'వ్యాఖ్య' అయింది, అన్ని బ్లాగుల కొత్త రాతల్నీ ఒకచోట చూపించే సైటు 'సంకలిని' అయింది. ఆ సంకలినుల పేర్లు కూడా ముచ్చటైనవే: కూడలి, జల్లెడ, హారం, మాలిక. పేరు చెప్పకుండా వ్యాఖ్య పెట్టేవారు 'అజ్ఞాత'. వాడుకలో నలిగి వచ్చిన మాటలు కాబట్టి ఇవి వాడుతుంటేనే పట్టుబడతాయి.

ఇక పనిలోకి దిగుదాం. బ్లాగు పెట్టేవారికి ఏ మాట ఎప్పుడు ఎదురవుతుందో ఆ వరుసలోనే చూద్దాం.

1. కార్డు తీసే ముందు: డొమైన్, హోస్టింగ్

డొమైన్ అంటే మీ బ్లాగు చిరునామా పేరు. హోస్టింగ్ అంటే మీ రాతలు, బొమ్మలు ఉండే సర్వర్‌లో మీరు తీసుకునే చోటు. రెండూ ఒకే దుకాణంలో తీసుకున్నా రెండిటి గడువులూ వేరు, రుసుములూ వేరు. డొమైన్‌ని 'కొన్నాం' అనడం అలవాటే గానీ ఎవరూ శాశ్వతంగా కొనుక్కోలేరు. డాట్‌కామ్ పేరుని ఒకసారికి గరిష్ఠంగా పదేళ్లకి నమోదు చేసుకోవచ్చు, అంతే. గడువు దాటితే ఎంత పెద్దవాళ్లయినా ఒకటే. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ తన పాస్‌పోర్ట్ డాట్‌కామ్ పేరుని రెన్యూ చేయడం మర్చిపోయింది. హాట్‌మెయిల్ లాగిన్ దాని మీదే నడిచేది. క్రిస్మస్ ముందు రోజు ఇబ్బంది మొదలైతే, సంగతి కనిపెట్టిన ఒక ప్రోగ్రామర్ తన సొంత కార్డుతో 35 డాలర్లు కట్టి ఆ పేరుని నిలబెట్టాడు. మీ బ్లాగుకి అలాంటి దాత దొరుకుతాడా?

కొనేటప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి. మొదటి ఏడాది ధర కాదు, రెండో ఏడాది నుంచి పడే రెన్యువల్ ధర చూడాలి. ప్రకటనలో పెద్దక్షరాల్లో ఉండేది మొదటిదే. గడువు దాటి, మామూలు రుసుముతో కట్టుకునే రోజులు కూడా అయిపోతే 30 రోజుల 'రిడెంప్షన్' దశ వస్తుందనీ, అప్పుడు అదనపు రుసుము బాగా బరువుగా ఉంటుందనీ గుర్తుంచుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, డొమైన్ ఎవరి పేరున, ఏ ఈమెయిల్‌తో నమోదైంది? వీధి చివర కుర్రాడు సాయం చేస్తూ తన ఈమెయిల్ ఇచ్చేస్తాడు. రెండేళ్లకి వాడు ఉద్యోగానికి డల్లాస్ వెళ్లిపోతాడు. రెన్యువల్ హెచ్చరికలు వాడి పాత మెయిల్‌కి వెళ్తుంటాయి, మీ బ్లాగు ఒక ఉదయం మాయమవుతుంది. వాడి తప్పేం లేదు, మంచి కుర్రాడే.

అసలు మొదటి ఏడాదే డబ్బు పెట్టాలా? అక్కర్లేదు. బ్లాగర్ ఇచ్చే బ్లాగ్‌స్పాట్ చిరునామా ఉచితం. తర్వాత సొంత డొమైన్ కలుపుకున్నా పాత చిరునామాకి వచ్చినవాళ్లని బ్లాగరే కొత్తదానికి పంపిస్తుంది.

వర్డ్‌ప్రెస్ దగ్గర ఇంకో తికమక ఉంది. ఈ పేరుతో రెండున్నాయి. 2003 మేలో మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ విడుదల చేసినది సాఫ్ట్‌వేర్. డాట్ ఆర్గ్ సైటు నుంచి ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని తమ హోస్టింగ్‌లో పెట్టుకోవచ్చు. డాట్‌కామ్ అన్నది ఆటొమాటిక్ అనే కంపెనీ నడిపే సేవ; అక్కడ ఖాతా తెరిస్తే చాలు, ఏది ఎంతవరకు వాడుకోవచ్చన్నది ప్లాన్‌ని బట్టి మారుతుంది. ఒకదాని గురించి యూట్యూబ్‌లో పాఠం చూసి, రెండోదాంట్లో ఆ బటన్ కోసం వెతికేవాళ్లు ఎందరో. మీ తెర మీద బటన్ కనపడకపోతే ముందు అనుమానించాల్సింది ఇదే.

2. పబ్లిష్ నొక్కే ముందు: పర్మాలింక్, స్లగ్

ఒక టపాకి ఎప్పటికీ మారకుండా ఉండాల్సిన పూర్తి చిరునామా పర్మాలింక్. అందులో చివరి ముక్క స్లగ్. బ్లాగర్ పెట్టే పేరు మొదట్లోనే చూశాం. వర్డ్‌ప్రెస్‌లో సమస్య దానికి తలకిందులు: అది తెలుగుని తీసుకుంటుంది, తీసుకుని సాగదీస్తుంది. కంప్యూటరు తెలుగు గుర్తు ఒక్కొక్కదాన్నీ మూడు బైట్లుగా దాస్తుంది. వెబ్ చిరునామాలోకి వచ్చేసరికి ఒక్కో బైటూ ఒక శాతం గుర్తు, రెండు అక్షరాలుగా మారుతుంది. అంటే తెలుగు గుర్తు ఒక్కోదానికి తొమ్మిది స్థానాలు. 'పులిహోర' తీసుకోండి: ప, ఉకారం, ల, ఇకారం, హ, ఓకారం, ర. ఏడు గుర్తులు, 63 స్థానాలు. బ్రౌజర్ పట్టీలో శుభ్రంగా తెలుగులో కనిపించిన లింకు వాట్సాప్‌లో అతికించగానే శాతం గుర్తుల తోరణమైపోయేది అందుకే. పైగా ఆ రూపంలో వర్డ్‌ప్రెస్ స్లగ్‌కి ఇచ్చే చోటు 200 స్థానాలే. ఇరవై రెండు గుర్తులు దాటిన శీర్షిక మధ్యలో తెగుతుంది. మంచి తెలుగు శీర్షికలు చాలావరకు అంతకన్నా పొడుగే.

కాబట్టి శీర్షిక ఎంత అచ్చ తెలుగైనా సరే, స్లగ్ మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో రెండు మూడు మాటలకి మించకుండా మీరే రాయండి. తెలుగు మాటనే ఇంగ్లిషు లిపిలో రాయొచ్చు. బ్లాగర్‌లో టపా రాసే తెర పక్కన 'పర్మాలింక్' అనీ, దాని కింద 'కస్టమ్' అనీ ఉంటుంది. అక్కడ ప్రచురించక ముందే రాయాలి. తర్వాత మార్చాలంటే టపాని మళ్లీ చిత్తుప్రతిగా వెనక్కి తీసుకోవాలి, ఈలోపు దాన్ని షేర్ చేసినవాళ్ల లింకు చచ్చిపోతుంది. అలా చచ్చిన లింకు నొక్కినవాళ్లకి కనిపించేదే '404'. పాత చిరునామా నుంచి కొత్తదానికి పాఠకుణ్ని శాశ్వతంగా మళ్లించే ఏర్పాటు పేరు '301 రీడైరెక్ట్'. ఈ రెండు అంకెలు తెలిస్తే చాలు, మిగతా మూడంకెల సంఖ్యలు సర్వర్ చూసుకునేవాళ్లకి వదిలేయొచ్చు.

3. పాత వ్యాసాలు అతికించే ముందు: యూనికోడ్

ఇది తెలుగువాళ్లకి ప్రత్యేకం. ఎప్పుడో డీటీపీ సెంటర్లో కంపోజ్ చేయించిన వ్యాసాల ఫైళ్లు ఇంట్లో ఉంటాయి. అవి తెచ్చి డ్యాష్‌బోర్డులో అతికిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు, చుక్కలు వస్తాయి. ఫైలు పాడైందనుకుని మళ్లీ టైపు చేయించేవాళ్లున్నారు. పాడవలేదు. అను, శ్రీలిపి లాంటి డీటీపీ ప్యాకేజీల పాత ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను దాచాయి. ఆ ఫాంటు లేనిచోట అది తెలుగు కాదు. అన్ని లిపులకీ ఉమ్మడి పద్ధతైన యూనికోడ్‌లో తెలుగు గుర్తులకి సొంత స్థానాలున్నాయి, 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ. కాబట్టి మీరు అడగాల్సిన మాట 'కన్వర్టర్'. పాత ఫాంటు పేరు తెలిస్తే దాన్ని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, సున్నలు ఒకసారి కళ్లతో దిద్దుకోవాలి. కొత్తగా టైపు చేసుకునేవారికి 'లేఖిని' లాంటి ఉచిత సాధనాలో, ఫోన్‌లోని తెలుగు కీబోర్డో సరిపోతాయి.

4. కేటగిరీ, ట్యాగు

కేటగిరీ పుస్తకం ముందుండే విషయసూచిక, ట్యాగు వెనకుండే పదసూచిక. కేటగిరీలు ఐదారు చాలు. బ్లాగర్‌లో ఈ గొడవ లేదు, 'లేబుల్' ఒక్కటే. వర్డ్‌ప్రెస్‌లో ఏదీ ఎంచుకోకపోతే టపా 'అన్‌కేటగరైజ్డ్' అనే గదిలో పడుతుంది. కనీసం ఆ గది పేరైనా 'కబుర్లు' అని మార్చుకోండి.

5. సంబరపడే ముందు: హిట్లు, పేజీ వీక్షణలు, సెషన్లు

"మా బ్లాగుకి నెలకి లక్ష హిట్లు!" ఈ మాట విన్నప్పుడు ఏం అర్థం చేసుకోవాలి? దాదాపు ఏమీ అర్థం కాదు. సర్వర్ నుంచి ఒక ఫైలు బయటికి వెళితే ఒక హిట్. గృహప్రవేశం ఫొటోలు ఇరవై పెట్టిన టపాని ఒక్కరు తెరిస్తే పేజీ ఒకటి, బొమ్మలు ఇరవై, ఆపైన అలంకరణ ఫైళ్లు: పాతిక హిట్లు. చదివింది ఒక్కరు, అదీ బహుశా పెద్దత్తయ్య.

పేజీ వీక్షణ అంటే ఒక పేజీ ఒకసారి తెరుచుకోవడం. సెషన్ అంటే ఒక మనిషి వచ్చి నాలుగు పేజీలు తిరిగి వెళ్లిన మొత్తం రాక. ఈ రాకపోకల్ని లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌లో మామూలుగా 30 నిమిషాలు కదలిక లేకపోతే సెషన్ ముగుస్తుంది. మధ్యలో అన్నం తినొచ్చి మళ్లీ చదివితే అది రెండో సెషన్. 2023 జులైలో అనలిటిక్స్ పాత పద్ధతి పోయి దాని స్థానంలో కొత్త రూపం 'జీఏ4' నిలిచాక 'ఎంగేజ్డ్ సెషన్' అనేదాన్ని ముందుకు తెచ్చారు. పాఠకుడు పది సెకన్లకి మించి ఉన్నా, రెండు పేజీలు చూసినా, మీరు ముఖ్యమని గుర్తుపెట్టిన పని ఏదైనా చేసినా అది లెక్కకొస్తుంది. ఈ లెక్కలోకి రాని సెషన్ల శాతమే ఇప్పటి 'బౌన్స్ రేటు'. పదేళ్ల కిందటి పుస్తకంలో బౌన్స్ రేటుకి ఇచ్చిన నిర్వచనం వేరు. ఆ అంకెనీ ఈ అంకెనీ పక్కపక్కన పెట్టి గుండె బాదుకోకండి.

బ్లాగర్ గణాంకాల్లో రెండు జాగ్రత్తలు. మీ సొంత రాకపోకలు లెక్కించవద్దని చెప్పే మీట ఒకటి ఉంది, వెతికి నొక్కండి. రోజుకి పదిసార్లు సొంత టపా తెరిచి చూసుకోవడం రాసేవాళ్లందరికీ ఉన్న అలవాటే మరి. రెండోది, 'ట్రాఫిక్ సోర్సెస్' జాబితాలో ఎన్నడూ వినని విదేశీ సైటు పేరు కనపడి, అక్కడి నుంచి మనకి ముప్ఫై మంది వచ్చారని చూపిస్తుంది. ఎవరబ్బా అని నొక్కబుద్ధవుతుంది. నొక్కకండి. మీరు నొక్కాలనే ఆ పేరు అక్కడ వదిలారు. దాన్ని 'రెఫరర్ స్పామ్' అంటారు.

6. ఎవరికైనా డబ్బిచ్చే ముందు: ఎస్‌ఈఓ

గూగుల్ లాంటి వెతుకుడు యంత్రాలకి మీ పేజీ సులువుగా దొరికేలా, అర్థమయ్యేలా చేసుకునే పనులన్నిటికీ కలిపి ఎస్‌ఈఓ అని పేరు. ఇందులో మీరు చేయాల్సింది కొంచెమే. పాఠకుడు వెతికే మాట శీర్షికలో ఉండాలి. 'ఓ మధురానుభూతి' అని పేరు పెడితే అది లంబసింగి ప్రయాణమని ఎవరికి తెలుస్తుంది? ఫలితాల కింద కనిపించే రెండు వాక్యాల పరిచయం 'మెటా డిస్క్రిప్షన్'. గూగుల్ దాన్ని ప్రతిసారీ వాడుకోకపోయినా రాసి పెట్టుకోవడం మంచిది. బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పేది 'ఆల్ట్ టెక్స్ట్'. దీన్ని వెతుకుడు యంత్రం కోసమే అనుకుంటారు గానీ, చూపులేని పాఠకులకి స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది అదే. ఆ ఒక్క కారణానికైనా రాయాలి.

ఇక అమ్మేవాళ్ల మాటలకొద్దాం. బ్లాగు కాస్త నడవగానే ఇలాంటి మెయిల్ వస్తుంది: "మీ బ్లాగు అద్భుతం. డీఏ 50 ఉన్న సైట్ల నుంచి డూఫాలో బ్యాక్‌లింకులు ఇస్తాం. వందకి ఇంత." ఒక్కో మాటనీ విప్పి చూస్తే సగం గాలే.

బ్యాక్‌లింక్ అంటే మరో సైటు మీ పేజీకి ఇచ్చిన లింకు. అది నిజం, విలువైనది కూడా. డీఏ అంటే 'డొమైన్ అథారిటీ', మోజ్ అనే ప్రైవేటు కంపెనీ నూటికి వేసే మార్కు. గూగుల్ దాన్ని వాడదు. నోఫాలో అన్నది 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎంఎస్ఎన్ కలిసి తెచ్చిన గుర్తు. వ్యాఖ్యల్లో చెత్త లింకులు గుప్పించేవాళ్ల వల్ల విసిగి తెచ్చారు. 'ఈ లింకుని నా సిఫారసుగా లెక్కవేయకు' అని చెప్పడమే దాని పని. 'డూఫాలో' అనే గుర్తు మాత్రం ఎక్కడా లేదు. నోఫాలో లేని మామూలు లింకుకి మార్కెట్లో పెట్టిన ముద్దుపేరు అది. డబ్బిచ్చి లింకులు కొనడం గూగుల్ నియమాలకి విరుద్ధం. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 'పెంగ్విన్' మార్పు అలాంటి సైట్లని వెనక్కి నెట్టడానికే వచ్చింది. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన 'పాండా' పసలేని పేజీల పని పట్టింది.

"మెటా కీవర్డ్స్ నింపి పెడతాం సార్" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. పేజీ కోడులో దాచి పెట్టే ఆ వెతుకుడు మాటల్ని ర్యాంకుకి వాడటం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే బహిరంగంగా చెప్పింది. ఆ మాట ఎవరి నోట వచ్చినా నమస్కారం పెట్టి ఫోన్ పెట్టేయొచ్చు.

7. వ్యాఖ్యల పెట్టె తెరిచాక

"నైస్ పోస్ట్, వెరీ ఇన్ఫర్మేటివ్" అని ఇంగ్లిషులో ఒక వ్యాఖ్య వచ్చింది. టపా ఏమో మీ నాయనమ్మ పోయినరోజు గురించి. వెంటనే ధన్యవాదాలు చెప్పకండి; పేరు మీద మౌస్ పెట్టి చూడండి, కింద ఏ చెప్పుల దుకాణం లింకో ఉంటుంది. ఇదీ స్పామ్. వర్డ్‌ప్రెస్‌తో వచ్చే 'అకిస్మెట్' 2005 నుంచి ఇలాంటివాటిని ఏరే పనిలోనే ఉంది. 'మోడరేషన్' పెట్టుకుంటే మీరు చూశాకే వ్యాఖ్య బయటికొస్తుంది.

చదువుతారు, ఎన్నడూ ఏమీ రాయరు, వాళ్లు 'లర్కర్లు'. పాఠకుల్లో ఎక్కువ మంది వీళ్లే కాబట్టి వ్యాఖ్యల్లేవని దిగులు పడనక్కర్లేదు. రెచ్చగొట్టి వినోదించేవాడు 'ట్రోల్'. ఒకే మనిషి నాలుగు దొంగ పేర్లతో వచ్చి తనని తానే మెచ్చుకుంటే ఆ పేర్లు 'సాక్ పప్పెట్లు'. తెలుగు బ్లాగుల్లో ఎన్నో మంచి చర్చల్ని పాడుచేసినది అజ్ఞాతలే, కొన్ని టపాల్లోని తప్పుల్ని మర్యాదగా దిద్దిందీ అజ్ఞాతలే. అందుకని ఆ తలుపు పూర్తిగా మూసేయమని సలహా ఇవ్వడం కష్టం. మోడరేషన్ పెట్టి తెరిచి ఉంచడమే మేలు. ట్రోల్‌తో అర్ధరాత్రి దాకా వాదించడం మాత్రం ఎవరికీ కలిసిరాలేదు.

8. ఆదాయం గురించి కలలు కనే ముందు

మీ పేజీల్లో ప్రకటనలు చూపించి మీకు వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2003లో మొదలైంది. తెలుగు పేజీలకి తలుపు తెరిచింది మాత్రం 2018లో. ఇక్కడి మాటలన్నీ మూడక్షరాలవి. క్లిక్కుకి వచ్చే డబ్బు సీపీసీ. ప్రకటన ఎన్నిసార్లు కనపడితే ఎన్నిసార్లు నొక్కారో చెప్పే శాతం సీటీఆర్. ప్రకటనకర్త వెయ్యి ప్రదర్శనలకి ఇచ్చేది సీపీఎం. మీ చేతికి వెయ్యి పేజీ వీక్షణలకి ఎంత వచ్చిందో చెప్పేది ఆర్‌పీఎం. ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఈ చివరిది గుర్తుంచుకోండి.

ఒక ఊహా లెక్క వేద్దాం. నెలకి 5,000 పేజీ వీక్షణలు, వచ్చింది 2 డాలర్లు. ఆర్‌పీఎం 40 సెంట్లు. యాడ్‌సెన్స్ చెల్లింపు 100 డాలర్లు నిండాకే ఉంటుంది. అంటే రెండున్నర లక్షల వీక్షణలు కావాలి, ఇదే జోరులో నాలుగేళ్ల పైచిలుకు. ఈ లెక్క ముందే వేసుకున్నవాళ్లు ఉద్యోగం మానేయరు.

10 డాలర్లు దాటగానే చిరునామా నిర్ధారణ కోసం ఒక పిన్ నంబరు తపాలాలో వస్తుంది. ఇంటి నంబరు, పిన్‌కోడ్ తప్పు లేకుండా రాసి, పోస్ట్‌మ్యాన్‌కి ఒక మాట చెప్పి ఉంచితే మంచిది. ఇంకా ముఖ్యం, అల్లుడికీ తోడికోడలికీ "మా బ్లాగులో యాడ్స్ నొక్కండమ్మా" అని చెప్పకండి. సొంతవాళ్లు కావాలని నొక్కేవాటిని 'ఇన్‌వ్యాలిడ్ క్లిక్స్' అంటారు. ఖాతా మూసేస్తారు, తిరిగి తెరిపించుకోవడం చాలా కష్టం. 2024 తొలి నెలల నుంచి యాడ్‌సెన్స్ ప్రధానంగా క్లిక్కుల బదులు ప్రదర్శనల మీద చెల్లించే పద్ధతికి మారింది కాబట్టి, ఆ బంధుసేవ వల్ల లాభమూ లేదు.

'అఫిలియేట్' అంటే మీరిచ్చిన లింకు ద్వారా ఎవరైనా కొంటే మీకు కమీషన్. అమెజాన్ 1996 నుంచీ నడుపుతున్న పద్ధతి ఇది. 'స్పాన్సర్డ్' అంటే కంపెనీ డబ్బో వస్తువో ఇచ్చి రాయించుకున్నది. ఇలాంటప్పుడు ఆ సంగతి పాఠకుడికి కనపడేలా చెప్పాలి. మనదేశంలో 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ మేరకు మార్గదర్శకాలు ఇచ్చాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనని సమర్థించినవారికి పది లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. కుక్కర్ ఉచితంగా వచ్చిందని ఒక్క వాక్యం టపా మొదట్లోనే రాస్తే పోయేదేముంది?

9. ఫీడు, ఎగుమతి

ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు అంటే మీ కొత్త టపాల్ని యంత్రాలు చదువుకునే రూపంలో ఉంచే ఫైలు. 1999లో నెట్‌స్కేప్ దగ్గర పుట్టింది. కూడలి లాంటి సంకలినులు నడిచింది దీని మీదే, పాడ్‌కాస్టులు ఇప్పటికీ నడుస్తున్నదీ దీని మీదే. 2005లో వచ్చిన గూగుల్ రీడర్‌ని 2013 జులై 1న మూసేశాక చాలామంది ఫీడు సంగతే మర్చిపోయారు గానీ, మీ బ్లాగుకి అది ఉండే ఉంటుంది. సెట్టింగుల్లో 'ఫుల్' పెడితే పూర్తి టపా వెళ్తుంది, 'షార్ట్' పెడితే మొదటి కొన్ని వాక్యాలే. నమ్మకమైన పాఠకులకి మొదటిదే సుఖం. కాపీ కొట్టే సైట్లకీ అదే సుఖం. ఏదో ఒకటి ఎంచుకోవాలి.

ఎగుమతి, అంటే 'ఎక్స్‌పోర్ట్', ఈ మాటలన్నిటిలో అందరూ దాటవేసేది. బ్లాగు పెట్టిన కంపెనీ మూతపడదని ఎవరు చెప్పగలరు? ఒకప్పుడు లక్షల పేజీలున్న యాహూ జియోసిటీస్ 2009లో మూతపడింది. పోస్టరస్ అనే బ్లాగుల సేవ 2013 ఏప్రిల్‌లో వెళ్లిపోయింది. గడువు లోపల తమ రాతలు దింపుకున్నవాళ్లకి మిగిలాయి.

బ్లాగర్ సెట్టింగుల్లో 'బ్యాకప్ కంటెంట్' అనీ, వర్డ్‌ప్రెస్ టూల్స్‌లో 'ఎక్స్‌పోర్ట్' అనీ ఉంటుంది. నొక్కితే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు ఒకటి దిగుతుంది. అందులో రాతలు, వ్యాఖ్యలు ఉంటాయి. బొమ్మలు ఉండవు, వాటి చిరునామాలు మాత్రమే ఉంటాయి. సర్వర్ పోతే ఆ చిరునామాలూ పనికిరావు. ఫొటోల్ని విడిగా ఒక ఫోల్డర్‌లో, టపా స్లగ్‌నే పేరుగా పెట్టి దాచుకుంటే ఏది దేనిదో తర్వాత తెలుస్తుంది. ఫైలు దిగింది కదా అని ఊరుకోకుండా, ఎవరికీ కనపడని ఖాళీ బ్లాగు ఒకటి తెరిచి దాన్ని అందులోకి దిగుమతి చేసి చూడండి. టపాల సంఖ్య సరిపోయిందా, తెలుగు అక్షరాలు సరిగ్గా ఉన్నాయా, వ్యాఖ్యలు వాటి టపాల కిందే ఉన్నాయా అని చూసుకుని, ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్ ఖాతాలో ఒకటి పెట్టుకోండి.